సెలవు ఇచ్చేది ఎవరు?

తెలుగులో ‘సెలవు’ చిత్రమైన మాట. పెద్దవాళ్ళు ‘సెలవిస్తారు’, అంటే చెప్తారు, ఆజ్ఞాపిస్తారు. మనం ‘సెలవు తీసుకుంటాం’, అంటే వెళ్ళొస్తామంటాం. ‘సెలవా?’ అని అడిగితే, వెళ్ళమంటారా అని. ఆఫీసుకి సెలవు పెడితే ఆ రోజు పనికి రానని. ఏ అర్థం తీసుకున్నా ఎదురుగా ఒకరు కూచుని ఉంటారు, ఇవ్వడానికో ఇవ్వకపోవడానికో. ఇల్లే పనిచోటయిన మనిషి సెలవు చీటీ ఎవరికి రాసుకోవాలని స్త్రీవాదులు ఎన్నో ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. మొన్న దసరా సెలవుల్లో మారిషస్‌లో గడిపిన నాలుగు రోజులు ఆ ప్రశ్నని నా ముందు ఇంకో వైపు నుంచి పెట్టాయి. నా విశ్రాంతి ఇంకో స్త్రీ చాకిరీ మీద నిలబడి ఉన్నప్పుడు దాన్ని నేను నిజాయితీగా అనుభవించగలనా? అనుభవించకుండా మానేస్తే ఆమెకి ఒరిగేదేమిటి?

వెళ్ళింది నలుగురం. నేను, నా సహచరుడు, తొమ్మిదేళ్ళ పాప, అరవై ఏడేళ్ళ అమ్మ. నాన్న పోయాక అమ్మ గుమ్మం దాటడమే తగ్గించేసింది. అంతకు ముందు మాత్రం ఎక్కడికి వెళ్ళిందని? అన్నవరం, తిరుపతి, ఒకసారి కాశీ. మా అక్క కాన్పులకి బెంగుళూరు, నా కాన్పుకి హైదరాబాదు. ఈ చివరివాటిని ఆవిడ ప్రయాణాలుగా లెక్కపెట్టదు. మారిషస్ అనగానే మొదట ‘అంత ఖర్చెందుకే’ అంది. తర్వాత, ‘అక్కడ మనవాళ్ళున్నారంటారు కదా, కోరంగి నుంచి పోయినవాళ్ళు’ అంది. అమ్మది తాళ్ళరేవు. కోరంగి ఆవిడకి పక్క ఊరు.

ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులు, వాటి మధ్య చెక్క వంతెన, ఆదివారం కాకినాడ నుంచి పిల్లల్ని తీసుకొచ్చే కుటుంబాలు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అది ఓడలు కట్టే రేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవుని దాదాపు తుడిచిపెట్టేసింది. కానీ అక్కణ్ణుంచి ఓడలెక్కినవాళ్ళ మీద ఊరి పేరు మిగిలిపోయింది. మారిషస్‌లో తెలుగువాళ్ళని ‘కోరింగీ’లన్నారు. ఊరు పోయాక పేరు సముద్రం అవతల బతికింది.

ఆ ద్వీపం దాదాపు 80 లక్షల ఏళ్ళ కిందట సముద్రం అడుగున అగ్నిపర్వతాలు బద్దలై పుట్టింది. డచ్చివాళ్ళు 1638లో కాలు మోపి స్థిరపడేవరకు అక్కడ నివాసముండే మనుషులే లేరు. అంటే అక్కడ ‘స్థానికులు’ ఎవరూ లేరు. అందరూ వచ్చినవాళ్ళు, లేదా తీసుకురాబడినవాళ్ళు. డచ్చివాళ్ళ తర్వాత ఫ్రెంచివాళ్ళు, 1810 నుంచి ఇంగ్లీషువాళ్ళు. ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ బానిసల్ని తెచ్చి చెరకు వేయించారు. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. సామ్రాజ్యం మొత్తం మీద 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం చెల్లించారు, బానిసలకి కాదు, యజమానులకి. ఆ రద్దుకి మూడు నెలల ముందే, 1834 నవంబరు 2న, కలకత్తా నుంచి ఒప్పందపు కూలీలతో ఓడ రేవుకొచ్చింది. బానిసల జాగాలో మనవాళ్ళు. అప్పట్నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షలమంది పోర్ట్ లూయిస్ రేవులో దిగారు. వాళ్ళు దిగిన చోటుని ‘కూలీ ఘాట్’ అనేవారు. 1987లో ‘ఆప్రవాసీ ఘాట్’ అని మార్చారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఇదంతా నేను వెళ్ళేముందే చదువుకున్నాను. నా పీహెచ్‌డీ తెలుగులో యాత్రా రచనల మీద కాబట్టి ఊరికే ఉండలేను. చదవనిది హోటలు గది.

మొదటి రోజు పొద్దున్న నేను లేచేసరికి అమ్మ రెండు మంచాల మీదా దుప్పట్లు సర్దేసింది. స్నానాలగదిలో తువ్వాళ్ళు ఉతికి బాల్కనీలో ఆరేసింది. ‘ఎవరో వస్తారమ్మా, వదిలెయ్’ అన్నాను. ‘మనం పడుకున్న పక్క ఇంకో ఆడమనిషి చేత ఎత్తించడం ఏవిఁటే, పాపం’ అంది. మాకు ఆ మాట సంస్కారంగానే వినిపిస్తుంది, అలాగే పెంచారు. నాకు మాత్రం చిరాకు వేసింది. ఇన్నేళ్ళూ మా అందరి పక్కలూ ఆవిడే ఎత్తింది. అప్పుడు ‘పాపం’ అన్నవాళ్ళు లేరు.

తొమ్మిదింటికి గది శుభ్రం చేసే ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మంచం చూసి నవ్వింది, ఆ నవ్వులో ఇబ్బంది ఉంది. తర్వాత దుప్పట్లన్నీ తీసేసి మళ్ళీ మొదలుపెట్టింది. అమ్మ మొహం చిన్నబోయింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడ నాకు చెప్పింది: దుప్పటి మూలలు ఒక పద్ధతిలో మడవాలి, పైవాళ్ళు వచ్చి చూస్తారు. ఎవరో సర్దిన పక్క విప్పి మళ్ళీ వేయడానికి ఇంకాస్త సమయం పడుతుంది. రోజుకి పధ్నాలుగు గదులు. ఉతికి ఆరేసిన తువ్వాళ్ళు కూడా లెక్కలో తేడా చూపిస్తాయట.

అంటే అమ్మ దయ ఆవిడ పనిని పెంచింది. నేను ఆలోచిస్తూ ఉండిపోయింది ఇక్కడే. సేవ చేయించుకోలేకపోవడాన్ని మనం వినయం అనుకుంటాం. కానీ అందులో, ఈ పని నా పని, నాది కాకుండా పోతే నేనెవర్ని అన్న భయం కూడా ఉంటుంది. అమ్మ ఆ గదిలో ఇంకో స్త్రీ భారం తగ్గించాలనుకుంది నిజమే. అదే సమయంలో తన చేతులకి తెలిసిన ఒకే ఒక్క పనిని ఇంకొకరికి ఇవ్వలేకపోయింది కూడా. ఈ రెండూ విడదీసి చూడకపోతే ‘త్యాగమయి’ బొమ్మకి మళ్ళీ దండ వేసినవాళ్ళమవుతాం.

అమ్మ నోట ‘గోవిందా’ అన్న మాట విని ఆవిడ ఆగిపోయింది, తనవాళ్ళూ తెలుగే అని గుండె మీద చెయ్యి వేసుకుని చూపించింది. మాట్లాడే తెలుగు ఆవిడకి రాదు, ఇంట్లో క్రియోల్. వచ్చింది పూజ తెలుగు. అమ్మోరు పండగ, రామభజనం, సింహాద్రి అప్పన్న. ఫోనులో తన భజన పుస్తకం ఫొటో చూపించింది, తెలుగు మాటలు ఫ్రెంచి అక్షరాల్లో. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. మనవాళ్ళు ఎంతో పొంగిపోతూ చెప్పుకునే సంగతులివి. ‘మన భాష అక్కడ బతికే ఉంది’ అని. ఎవరి నోట, ఏ షిఫ్టు అయ్యాక బతికి ఉందో మహాసభల ఉపన్యాసాల్లో పెద్దగా కనిపించదు. ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఇంట్లో వంట చేసి, బస్సెక్కి వస్తుంది. ఇవన్నీ ఆవిడ నా వైపు చూడకుండా, దిండు గలీబు మారుస్తూనే చెప్పింది. కూచోమంటే కూచోలేదు.

చెరకు తోటల్లో మొదటి తరాలకి సెలవంటే ఏమిటో తెలుసుకుంటే ఈ హోటళ్ళ అందం కొంచెం వేరేగా కనిపిస్తుంది. ఒప్పందం 5 ఏళ్ళు. మగ కూలీకి నెలకి 5 రూపాయలు మామూలు జీతం, తిండిగింజలు అదనం. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవాళ్ళు. దీనికి ‘డబుల్ కట్’ అని పేరు. జ్వరమొచ్చినా, బిడ్డ పోయినా. ఆదివారం పొద్దున్న తోటని, పాకల్ని శుభ్రం చేసే పని మళ్ళీ వేరే, జీతం లేకుండా. ఒప్పందం పూర్తయినవాళ్ళని కూడా వదల్లేదు. 1867 చట్టంతో ఫొటో అతికించిన చీటీ లేకుండా రోడ్డు మీద కనిపిస్తే దిమ్మరి అని పట్టుకుని జైల్లో వేయొచ్చు. అంటే ఊరికే తిరగడం నేరం. మేం వెళ్ళింది సరిగ్గా ఊరికే తిరగడానికే.

ఆ చీటీల ఫొటోలు, ఓడల జాబితాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆ కాగితాల్లో స్త్రీల ఉనికి గురించి మరీనా కార్టర్ 1994లో ‘లక్ష్మీస్ లెగసీ’ అనే పుస్తకం రాసింది. దాన్ని మన దగ్గర ఇంకా ఎక్కువమంది చదవాలి. ఓడల్లో మగవాళ్ళతో పాటు ఇంత నిష్పత్తిలో ఆడవాళ్ళు ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. కుటుంబాలుంటే కూలీలు స్థిరపడతారని లెక్క. కానీ కరీబియన్ దీవుల్లోలా కాకుండా, మారిషస్‌లో ఎక్కువమంది స్త్రీలకి విడిగా ఒప్పందమే ఉండేది కాదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని దిగారు. ఒప్పందం లేదు కాబట్టి కాగితం మీద వాళ్ళు పని చేయడం లేదు. కాగితం మీద వాళ్ళకి డబుల్ కట్ కూడా లేదు, కోయడానికి జీతమే లేనప్పుడు! వండింది, నీళ్ళు మోసింది, ఆవుల్ని మేపింది, చెరకు ఆకు దూసింది ఎవరు మరి? జనాభా లెక్కల్లో మా అమ్మ పేరు పక్కన ‘పని లేదు’ అని రాసుకెళ్ళిన ఎన్యూమరేటరుకీ ఆ ఓడ గుమాస్తాకీ మధ్య నూటయాభై ఏళ్ళ దూరం. రాత మాత్రం ఒకటే.

మూడోరోజు క్యూర్‌పీప్‌లో త్రూ ఒ సెర్ఫ్ అనే అగ్నిపర్వత బిలం చూడ్డానికి వెళ్ళాం. పాప నిప్పులూ పొగా ఉంటాయనుకుంది. లోపలంతా చెట్లు, అడుగున కాస్త బురదనీళ్ళు. ‘ఇది పడుకుందా, చచ్చిపోయిందా?’ అని అడిగింది. దారి పొడుగునా చెరకు తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు ఎత్తుగా, కొన్ని మెట్లు మెట్లుగా, ఎవరో శ్రద్ధగా పేర్చినట్టు కనిపించాయి. నా సహచరుడు అవి కూడా అగ్నిపర్వతం చేసినవేనా అన్నాడు. అమ్మ వెంటనే, ‘రాళ్ళు వాటంతటవి గుట్టలవుతాయా బాబూ, ఎవరో ఏరి పోసుంటారు’ అంది. కారు నడిపే అబ్బాయి అవునన్నాడు. లావా గడ్డకట్టిన నేల అది. రాయి తియ్యకుండా నాగలి దిగదు. బానిసలు, ఆ తర్వాత కూలీలు, తరాల తరబడి చేతులతో ఏరి పొలం మధ్యలో పోశారు. యంత్రాలొచ్చాక చాలా గుట్టలు పోయాయి. ఆ ద్వీపం అందాన్నంతా ప్రకృతి ఖాతాలో వేసే ప్రకటనలు చదివి వచ్చిన నాకు, నాలుగు రోజుల్లో విన్నవాటిలో అమ్మ అన్న ఆ మాటే నికరమైన చరిత్ర పాఠంలా అనిపించింది. పొలం నుంచి వచ్చిన మనిషి రాతి గుట్టని కూడా చాకిరీగానే చూస్తుంది.

ఇప్పుడు ఆ చెరకు కూడా తగ్గుతోంది. యూరోపు 2006 నుంచి మూడు నాలుగేళ్ళలో పంచదారకిచ్చే హామీ ధరని 36 శాతం తగ్గించాక మిల్లులు మూతపడ్డాయి. తోటల భూములు కొన్ని చోట్ల విల్లాలయ్యాయి, గోల్ఫు మైదానాలయ్యాయి, రిసార్టులయ్యాయి. రాళ్ళేరినవాళ్ళ ముని మునిమనవరాళ్ళు అదే నేల మీద దుప్పట్లు మడుస్తున్నారు. దీన్ని పురోగతి కాదని అననా? అనలేను. 2018 జనవరి నుంచి అక్కడ జాతీయ కనీస వేతనం ఉంది, జీతంతో కూడిన సెలవులున్నాయి. మా గదికి వచ్చిన ఆవిడ కూతురు కాలేజీలో చదువుతోంది. చెరకు కోతకన్నా ఈ పనే నయమని ఆవిడే అంది.

పర్యాటకుల గురించి జమైకా కిన్‌కెయిడ్ 1988లో రాసిన ‘ఎ స్మాల్ ప్లేస్’ మనలో చాలామంది పాఠం చెప్పే పుస్తకమే. అందులో ఆమె యాంటిగ్వాకి వచ్చే తెల్ల పర్యాటకుణ్ణి ‘నువ్వు’ అని నిలదీస్తుంది. క్లాసులో ఆ ‘నువ్వు’ ఎప్పుడూ ఇంకెవరో. మారిషస్ వెళ్ళే గోదావరి జిల్లా స్త్రీని ఆ ‘నువ్వు’లో ఎక్కడ కూచోబెట్టాలి? రంగు కలుస్తుంది, ఊరు కలుస్తుంది, దేవుడి పేరు కలుస్తుంది. డబ్బు కలవదు. కులం సంగతి అసలు తెలియనే తెలియదు. ఓడ ఎక్కినవాళ్ళలో భూమి లేని కులాలవాళ్ళు చాలామంది ఉన్నారు. మా తాతలకి కొద్దో గొప్పో పొలం ఉంది కాబట్టి వాళ్ళకి ఓడ ఎక్కే అవసరం రాలేదు. కాబట్టి ‘మనవాళ్ళు’ అన్న మాట నా నోట అంత సులువుగా రాకూడదు. బంధుత్వం కలుపుకోవడం కూడా ఒక్కోసారి బాకీ ఎగ్గొట్టే పద్ధతే.

మన సాహిత్య చరిత్రలో మొదటి యాత్రా గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన 1830లో మద్రాసు నుంచి వందమందికి పైగా పరివారంతో బయలుదేరారు. పల్లకీ మోయడానికి బోయీలున్నారు. పుస్తకం 1838లో అచ్చయింది. కోరంగి నుంచి కూలీల ఓడలు కదిలిన దశకం కూడా అదే. ఒక ప్రయాణం సాహిత్యమైంది, ఇంకోటి ఓడ జాబితా అయింది. నా సిద్ధాంత గ్రంథంలో మొదటిదాని మీద ఒక అధ్యాయం ఉంది. రెండోదానికి అధ్యాయం రాయాలంటే గ్రంథం కావాలి కదా అంటుంది మన క్రమశిక్షణ. అయితే ఆ ద్వీపం నుంచే, తెలుగు మూలాలున్న ఆనందా దేవి ఫ్రెంచిలో రాస్తూ 2024 న్యూస్టాట్ బహుమతి అందుకుంది. పోర్ట్ లూయిస్ పేదవాడలో పెరిగే అమ్మాయి కథగా ఆమె 2006లో రాసిన నవలలో పర్యాటకుల పోస్టుకార్డు వెనకవైపు కనిపిస్తుంది. ఆమెని తెలుగులోకి తెచ్చుకోకుండా ప్రపంచ తెలుగు గురించి మాట్లాడుకోవడం నాకు వింతగా ఉంటుంది.

ఇంకో పేరు, అంజలే కూపెన్. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హారెల్ తోటలో జీతాల కోసం సమ్మె చేస్తున్నవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు చనిపోయినవాళ్ళలో ఆమె ఒకరు. అప్పటికి ఆమె గర్భవతి. ఇప్పుడు ఆమె పేరుతో ఒక క్రీడా మైదానం ఉంది. ఆదివారం అనేది కంపెనీల మంచితనం వల్ల రాలేదని గుర్తుచేయడానికి ఆ పేరు చాలు.

మాకు దొరికిన ఆదివారం మేం సముద్రం ఒడ్డున గడిపాం. అక్కడ తీరమంతా చట్టప్రకారం ప్రజలది, హోటలు ముందరిది కూడా. ఊళ్ళ నుంచి కుటుంబాలు డేగిసాలతో బిరియానీ తెచ్చుకుని, చెట్ల కింద చాపలేసుకుని, డప్పుల్లాంటి రవాన్‌లు వాయిస్తూ కూచున్నాయి. తాతలు జీతం లేకుండా తోట ఊడ్చిన రోజు అది. చూసి ఎంతో సంతోషమేసింది. ఇంకాస్త సేపు చూస్తే వడ్డించేవాళ్ళు ఎవరో, కాళ్ళు చాపుకున్నవాళ్ళు ఎవరో కూడా కనిపించింది. ఎక్కడైనా ఇంతే అని వదిలేయబోతుంటే అమ్మ చీర కట్టుకునే నడుంలోతు నీళ్ళలోకి వెళ్ళి చతికిలబడింది. గంటసేపు లేవలేదు. మేం పిలిచినా వినిపించనట్టే ఉంది. అంతకుముందు రోజే పక్కలు సర్దడం మానేసింది. మానేసిన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక రోజంతా చీర కొంగు మడుస్తూ కూచుంది. ఇప్పుడు ఆ చేతులు నీళ్ళ మీద ఊరికే ఆడుతున్నాయి.

వచ్చే రోజు గదిలో కొంత డబ్బు పెట్టి వచ్చాం. అది ఇవ్వడం తప్పని నేననను, ఆవిడకి పనికొస్తుంది. కానీ అపరాధ భావానికి అంతకన్నా చవకైన మందు లేదు. బాధపడితే బాధ్యత తీరిపోయినట్టు అనిపించడం చదువుకున్నవాళ్ళ జబ్బు. ఆ ద్వీపానికి నేను చేయగలిగింది కొంచెమే. ఆ ప్రశ్నకి అసలు చోటు నా వంటిల్లు.

గృహ కార్మికుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. వారానికి కనీసం 24 గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఇవ్వాలన్నది అందులో ఒక అంశం. మారిషస్ దాన్ని 2012లోనే ఆమోదించింది. భారతదేశం ఇంకా ఆమోదించలేదు. మా అపార్ట్‌మెంటులో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకి ఆదివారం లేదు. నెలకి రెండు రోజులు దాటితే జీతం కోస్తారు. ఊరెళ్ళేముందు మా ఇంట్లో చేసే ఆవిడ ‘మీరుండరు కదమ్మా, ఆ రోజులకి పట్టుకుంటారా?’ అని అడిగింది. లేదన్నాను. మేం వెళ్ళడం మా ఇష్టం, ఆవిడ మానడం కాదు. కానీ అడగాల్సి రావడమే ఉంది చూశారూ, ఆ ప్రశ్న ఊరికే పుట్టదు. ఎక్కడో ఒక ఇంట్లో పట్టుకుని ఉంటారు.

తిరిగొచ్చాక మా అంతస్తులో నలుగురం కూచుని ఆదివారం సెలవు గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరు సరేనన్నారు. ఒకరు, ఆవిడా ఉద్యోగం చేస్తుంది, ‘ఆదివారం నాకూ సెలవే కదా, మరి గిన్నెలెవరు తోముతారు?’ అంది. తేలిగ్గా తీసేయలేని ప్రశ్న అది. వాళ్ళాయన పేపరు చదువుతూ అక్కడే ఉన్నాడు, ఆవిడ ఆయన వైపు చూడలేదు. మా ఇంట్లో ఆదివారం గిన్నెలు నా సహచరుడివి అని తీర్మానమైంది. మూడు వారాలయింది. ఆయన తింటున్నంతసేపూ అమ్మ ఒక కన్ను సింకు మీదే వేసి కూచుంటుంది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేలోపు ఒక్కోసారి సగం తోమేసి ఉంటుంది. వద్దమ్మా అంటే, ‘ఊరికే కూచోలేనే’ అంటుంది. ఈ వారం ఆయన ముందే లేచాడు.